మీరు వేరు మాస్టారూ

నందిగామలో మాకొక చర్చావేదిక ఉంది. పేరు ఘనంగానే ఉంటుంది కానీ, మేం కూర్చునేది ఒక కాన్వెంటు స్కూలు పై గదిలో, ఒకటో తరగతి పిల్లల బల్లల మీద. ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం పది గంటలకు ఇరవై మందిమి, దాదాపు అందరం రిటైరైనవాళ్లమే, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని దేశాన్ని బాగు చేస్తాం. పన్నెండున్నరకు మిరపకాయ బజ్జీలు వస్తాయి. అప్పటికి దేశం ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలో వదిలేసి లేస్తాం.

దానికి నేను కన్వీనర్ని. హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. నా మేధస్సు చూసి ఎన్నుకున్నారని మొదట్లో మురిసిపోయాను. తర్వాత తెలిసింది, గొంతు చూసి ఎన్నుకున్నారని. పైగా మా బళ్లో ఎలక్ట్రిక్ బెల్లు పెట్టాక మూలపడిన చిన్న ఇత్తడి గంట ఒకటి నా దగ్గరుంది. ఎవరైనా ఐదు నిమిషాలు దాటి మాట్లాడితే కొడతాను. దాటకపోయినా, విసుగొస్తే కొడతాను.

ఈ వేదికకు లెక్కల మాస్టారిని తీసుకొచ్చింది నేనే. ఆయనా నేనూ ఒకే హైస్కూల్లో పంతొమ్మిదేళ్లు పనిచేశాం. స్టాఫ్ రూములో నా కుర్చీ పక్కన ఆయన కుర్చీ. నందిగామ చుట్టుపక్కల ఇంజినీరు ఎవరు కనిపించినా, భిన్నాలు ఆయన దగ్గర నేర్చుకున్నవాడే అయ్యుంటాడు. మనిషి నెమ్మది. రోజుకు ఐదు పూటలా నమాజు, మధ్యలో ఒక సుడోకు. రెండూ ఏనాడూ తప్పవు.

వేదికలో ముస్లిం ఆయనొక్కరే. అందువల్ల మాకు తెలియకుండానే ఆయనకొక ఉద్యోగం ఇచ్చేశాం. ప్రపంచంలో ఎక్కడ బాంబు పేలినా అందరం ఆయన వైపు తిరుగుతాం. నేను సోషల్ టీచర్ని కాబట్టి ఆ దేశం మ్యాపులో ఎక్కడుందో నాకు తెలుస్తుంది. మిగతావాళ్లకు అదీ తెలియదు. అయినా ఆయన "చాలా తప్పండీ" అనాలి. అన్నాక మా ప్రాణాలు కుదుటపడతాయి. నన్ను మాత్రం ఇంతవరకూ ఎవరూ హిందూమతం తరఫున సంజాయిషీ అడగలేదు. అడిగితే మా అత్తగారి దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాను.

ఆ నెల విషయం సూచించింది లాయరుగారు. ఆయన జగ్గయ్యపేట నుంచి బస్సులో వస్తారు. వారమంతా కోర్టులో జడ్జిగారు మాట్లాడనివ్వరు కాబట్టి ఆదివారం మా దగ్గర తీర్చుకుంటారు. "ఇస్లాం, మత తీవ్రవాదం, రాజకీయాలు. దీనిమీద చర్చ పెట్టకపోతే మనం ఉండి ఎందుకండీ?" అన్నారు. టీవీలో రోజూ ఎనిమిది కిటికీల్లో ఎనిమిది మంది ఒకేసారి అరుచుకునేది కూడా ఆ చర్చే. మాకూ ఒకటి కావాలని అందరికీ సరదా పుట్టింది.

"రెండు పక్షాలుండాలి" అన్నారు లాయరుగారు. "లేకపోతే చర్చ ఎలా అవుద్ది?"

నేను ఇంటికెళ్లి కాగితం తయారుచేశాను. మొదటి పక్షం: లాయరుగారు. రెండో పక్షం: లెక్కల మాస్టారు. ప్రింటు తీసి గ్రూపులో కూడా పెట్టేశాక, ఆయన్ని అడగలేదని గుర్తొచ్చి ఫోన్ చేశాను.

"నాది రెండో పక్షమన్నారు. ఆ పక్షం ఏం మాట్లాడాలి మేడమ్? తీవ్రవాదం మంచిదనా?"

"అబ్బే, అది కాదండీ. ఇస్లాం తరఫున."

"ఇస్లాం తరఫున నేనా! త్రికోణమితి తరఫున మాట్లాడమనండి, ధైర్యంగా మాట్లాడతా" అని నవ్వారు. మళ్లీ తనే, "సరే, వస్తాలెండి" అన్నారు. ఆయనకు కాదనడం చేతకాదు. పంతొమ్మిదేళ్లుగా నా పరీక్ష డ్యూటీలు సగం ఆయనే చేశారు. ఆ మెతకదనాన్ని అప్పుడూ వాడుకున్నాను, ఇప్పుడూ వాడుకున్నాను. ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది. ఆ రోజు మాత్రం కార్యక్రమం భలే కుదిరిందని సంబరపడ్డాను.

ఇప్పుడు మా పుట్టినూరి సంగతి కొంచెం చెప్పాలి. మాది చందర్లపాడు దారిలో ఒక పల్లె. ఊళ్లో ముస్లింల ఇళ్లు రెండే, కానీ పీర్ల పండగ ఊరంతటిదీ. పెద్ద పీరును ఎత్తుకునే హక్కు మా ఇంటిది. మా ముత్తవ్వ బిడ్డలు దక్కక మొక్కుకుందట, మా తాత దక్కాడట. అప్పటి నుంచి మా ఇంటి మగవాడు పీరును ఎత్తుకుని గుండంలో నిప్పులు తొక్కుతాడు. ముస్లింల ఇంటి పెద్దాయన ఫాతిహా చదువుతాడు. మిగతా హడావుడంతా మాదే.

మా నాయనమ్మ దీనికొక నియమం కలిపింది. ఆవిడ మడి మనిషి. పీరుసామికి మన ఊపిరి తగిలితే మైల అని, ఎత్తుకునేవాడు ముక్కూ మూతీ కప్పి గుడ్డ కట్టుకోవాలని శాసించింది. ఆవిడ పోయి చాలా కాలమైంది, ఆ గుడ్డ మాత్రం ఊడలేదు. ఒకసారి స్టాఫ్ రూములో ఇది చెబితే లెక్కల మాస్టారు కళ్లజోడు తీసి నీళ్లొచ్చేలా నవ్వారు. "మావాళ్లు కూడా అంత నిష్ఠగా ఉండరు మేడమ్" అన్నారు.

ఇప్పుడు పీరును ఎత్తేది మా అన్నయ్య. కొన్నేళ్ల క్రితం ట్రాక్టరు మీద నుంచి పడి ఎడమ కాలు విరగ్గొట్టుకున్నాడు. మళ్లీ నడిస్తే పీరుకు దట్టీ కడతానని నేను మొక్కుకున్నాను. దట్టీ అంటే పీరు కర్రకు చుట్టే కొత్త బట్ట. అన్నయ్య నడిచాడు, కొంచెం కుంటుతూ. నా బీరువాలో కట్టని చీర ఒక్కటే ఉంది. రిటైర్మెంటు రోజున స్టాఫంతా కలిసి పెట్టిన చిలకపచ్చ పట్టుచీర. దగ్గరుండి ఎంపిక చేసింది లెక్కల మాస్టారి భార్య. ఆవిడ మంచి మనిషే గానీ, ఆ రంగు మాత్రం దూరం నుంచి చూసినా కళ్లు చెదిరేది. దాన్ని పీరుకు కట్టేశాను. ఆవిడ కనిపించినప్పుడల్లా "మొన్న పెళ్లికి అదే కట్టా" అని చెబుతూ వచ్చాను.

పోయినేడు అన్నయ్య గుడి కమిటీకి అధ్యక్షుడయ్యాడు. బొట్టు వెడల్పయింది, ఉపన్యాసం పొడవైంది. ఒక రోజు ఫోన్ చేసి, "టౌన్లో ఆ పీర్ల సంగతి ఎక్కడా ఎత్తబాకమ్మా. ఇప్పుడు కాలం బాలేదు. మనవాళ్లు నన్ను అనుమానంగా చూస్తారు" అన్నాడు. అలాగని ఎత్తడం మానాడా అంటే, మానలేదు. పీరంటే భయం అన్నయ్యకి. అటు మసీదుకు కొత్తగా వచ్చే పండితులు కూడా పీర్ల పండగ మతంలో లేదు, మానమంటున్నారట. రెండు మతాల పెద్దలూ ఒక్క మాట మీదికి వచ్చిన విషయం నాకు తెలిసి ఇదొక్కటే.

ఇక ఆ ఆదివారం. హాలు నిండింది. వెనక బల్లలు చాలక ఇద్దరు ఆటబొమ్మల పెట్టె మీద కూర్చున్నారు. లాయరుగారు లేచి ప్రపంచ చరిత్ర మొత్తం చెప్పారు. తేదీల్లో చాలావరకు తప్పులే. గంట కొట్టాను, వినలేదు. నాలుగు వాక్యాలకోసారి మాస్టారి వైపు తిరిగి, "మిమ్మల్ని కాదండీ, మీరు వేరు మాస్టారూ" అంటున్నారు. ఆయన తర్వాత లేచినవాళ్లూ అదే వరస. చదువుకోకపోవడం వల్లే అని ఒకరు, చదువుకున్నవాళ్లే ఎక్కువ ప్రమాదమని ఒకరు, ఓట్ల కోసం పెంచి పోషించారని ఒకరు, ఓట్ల కోసమే తిడుతున్నారని ఇంకొకరు. అందరిదీ చివరి మాట ఒక్కటే, మీరు వేరు మాస్టారూ. మాస్టారు మొదటి బల్ల మీద బుద్ధిగా కూర్చుని కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు. తొంగి చూశాను. గీతలు గీసి లెక్కపెడుతున్నారు. పదకొండు.

అప్పుడు బ్యాంకు మేనేజరుగారు లేచారు. ఈయన బ్యాంకులో ఉన్నన్నాళ్లూ ఒక్క సంతకం కోసం మూడు రోజులు తిప్పేవారు. ఇప్పుడు వాట్సాపులో ఏదొచ్చినా మూడు సెకన్లలో పంపిస్తారు. "మాటలెందుకండీ, కళ్లతో చూడండి. ఇది మన పక్కనే జరుగుతోంది" అని తన ఫోనును స్మార్ట్ బోర్డుకు కలిపారు.

ముందు ఎర్ర అక్షరాలు వచ్చాయి. "జగ్గయ్యపేట కొండల్లో ఏం జరుగుతోంది?" వెనక గుండెలదిరే సంగీతం. తర్వాత మసక మసకగా మంటలు. పొగలో జనం. మొహానికి గుడ్డ చుట్టుకున్న ఒక మనిషి, పైకెత్తిన కర్ర, దానికి పచ్చటి జెండా. నిప్పుల మీద నుంచి పరుగు. "చూశారా, నిప్పుల్లో శిక్షణ!" అన్నారు మేనేజరుగారు. హాలంతా ముక్కున వేలేసుకుంది.

"మా పేట కొండల్లో సున్నపురాయి తప్ప ఇంకేం లేదండీ" అని లాయరుగారు నొచ్చుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు.

నేను మాత్రం ఆ మనిషి కాలు చూశాను. ఎడమ కాలు. నిప్పుల మీద కూడా ఆ కుంటు తెలుస్తూనే ఉంది. తర్వాత జెండా చూశాను. అంచు కనిపించింది. మామిడి పిందెల అంచు. ఆ చిలకపచ్చ ఈ భూమ్మీద ఇంకెక్కడా ఉండదు. మా అన్నయ్య. నా చీర.

మాస్టారి వైపు చూశాను. ఆయన బోర్డు చూడటం లేదు, నన్నే చూస్తున్నారు. ఆయనకూ తెలిసిపోయింది. మూతిగుడ్డ సంగతి నేనే చెప్పాను కదా. చీరయితే ఆయన ఇంట్లో వారం రోజులుందట, నాకు పెట్టేముందు.

"మాస్టారూ, మీరు వేరు, అది మాకు తెలుసు" అన్నారు మేనేజరుగారు. పన్నెండో గీత. "కానీ దీనికి మీ సమాధానం ఏంటి? మీరు ఖండిస్తున్నారా లేదా?"

అక్కడ నేను లేవాలి. గంట నా చేతిలోనే ఉంది. ఒక్క మాట చాలు. కానీ అన్నయ్య గుడి కమిటీ గుర్తొచ్చింది. రేపు నందిగామంతా చెప్పుకునే మాటలు గుర్తొచ్చాయి. ఇంకా నిజం చెప్పాలంటే, మాస్టారి భార్యకు చీర గురించి ఏం చెప్పాలా అని కూడా ఆలోచించాను. ఒక మనిషి పరువు పోయే వేళ నా బుర్ర చీర దగ్గరికి పోయింది. గంటను బల్ల మీద పెట్టేశాను.

మాస్టారు నా కోసం చాలాసేపే చూశారు. తర్వాత బల్ల పట్టుకుని నెమ్మదిగా లేచారు, మోకాలు నొప్పి ఆయనకు.

"ఎవరైనా సరేనండీ, మొహానికి గుడ్డ కట్టుకుని జనాన్ని భయపెడితే తప్పే. ఆ వీడియోలో ఉన్నాయన్ని నేను ఖండిస్తున్నా. మావాళ్ల తరఫున మీ అందరికీ క్షమాపణ చెప్తున్నా" అన్నారు. చెప్పి కూర్చున్నారు.

చప్పట్లు మోగాయి. హాలంతా. "అదీ మాస్టారంటే!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నా చేతులు మంట పుడుతుంటే చూసుకున్నాను. నేనూ కొడుతున్నాను. గండం గడిచిందన్న సంతోషంతో, మా అన్నయ్యను ఖండించినందుకు, నా స్నేహితుడు చేయని తప్పుకు తల వంచినందుకు, చప్పట్లు కొడుతున్నాను.

నామీద నాకే అసహ్యం పుట్టింది. గంట తీసుకుని బల్ల మీద ఎడాపెడా కొట్టాను. చప్పట్లు ఆగాయి.

"ఆ మొహానికి గుడ్డ కట్టుకున్నది మా అన్నయ్య" అన్నాను. "అది పీర్ల పండగ. ఆ గుడ్డ మా నాయనమ్మ మడి. ఆ జెండా నా చీర. ఆ ఊరు జగ్గయ్యపేట కొండల్లో లేదు, చందర్లపాడు దారిలో ఉంది. మీకింకా శిక్షణ కావాలంటే వచ్చే పండక్కి రండి, నిప్పులు తొక్కిస్తా."

మేనేజరుగారు బోర్డు వైపూ నా వైపూ మార్చి మార్చి చూశారు.

"మీ అన్నయ్యగారంటే... గుడి కమిటీ అధ్యక్షులు..."

"ఆయనే."

ఆయన మొహం వికసించింది. నేను ఆశించింది సిగ్గు, వచ్చింది మాత్రం నవ్వు. "అయ్యో, ఆ మాట ముందే చెప్పొచ్చుగా మేడమ్! మనవాళ్లేనన్నమాట. అయితే ఫర్వాలేదు" అని వీడియో ఆపేశారు. హాలంతా హమ్మయ్య అనుకుంది. చిన్నప్పుడు మేమూ గుండం తొక్కామని ఒకాయన, మా ఊరి పీరు ఇంకా పవర్‌ఫుల్ అని మరొకాయన మొదలుపెట్టారు. పేట పరువు దక్కిందని లాయరుగారు ఊపిరి పీల్చుకున్నారు. అవే మంటలు, అదే గుడ్డ, అదే మనిషి. ఒక్క నిమిషంలో శిక్షణ కాస్తా సంప్రదాయమైపోయింది.

"మరి మాస్టారి క్షమాపణ?" అని అరిచాను. "అది ఆయనకు వెనక్కి ఇవ్వరా? మీరు ఆయనకు చెప్పరా?"

"మాస్టారిని మేమేమన్నామండీ? ఆయన్ని ఎవరైనా ఒక్క మాట అన్నారా? ఆయన వేరు" అన్నారు మేనేజరుగారు నొచ్చుకుంటూ. అంతలో బజ్జీలు వచ్చాయి. నా గంటకు లేవనివాళ్లంతా బజ్జీలకు లేచారు.

మాస్టారు, నేను మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాం. ఎండ దంచేస్తోంది. ఆయన స్కూటరు వేపచెట్టు కింద ఉంది.

"ఎందుకండీ అలా చెప్పారు? నిజం మీకు తెలుసుగా" అన్నాను చివరికి. కోపం వచ్చింది నాకు, ఆయన మీద. మన తప్పును వేరేవాళ్లు నెత్తిన వేసుకుంటే వాళ్లమీదే కోపం వస్తుంది.

"మీరు చెప్తారని చూశా. చెప్పలేదు. ఏదో ఇబ్బంది ఉందనుకున్నా" అన్నారు. "అది మీ ఇంటి విషయం, నేను బయటపెట్టకూడదు. ఖండించడమంటారా, నాకు అలవాటైన పనేగా."

స్కూటరు సీటు మీద రాలిన వేపాకులు దులపసాగాను.

"చీర మాత్రం మా ఆవిడకు చెప్పబాకండి" అన్నారు మళ్లీ. "పీరుకు కట్టారంటే సంతోషిస్తదనుకోండి. కట్టుకున్నానని అబద్ధం చెప్పారని బాధపడద్ది."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "వచ్చే నెల వస్తారా?" అని అడిగాను.

"విషయం ఏంటి?"

"ఇంకా అనుకోలేదు. ఉల్లిపాయల ధరలు పెడదామా?"

"అయితే వస్తా. ఉల్లిపాయల తరఫున నన్నెవరూ సంజాయిషీ అడగరు" అని స్కూటరు స్టాండు తీశారు. బండి ఎక్కి, పైకి చూశారు. పై గదిలో నవ్వులు వినిపిస్తున్నాయి.

"మేడమ్, ఈ ఊళ్లో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పా. రిటైరైన రోజున కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అప్పుడు వాన పడుతోంది, అందరూ తొందరలో ఉన్నారు. ఇవాళ మొదటిసారి కొట్టారు."

ఏదో అనబోయాను. ఆయన చేత్తో వద్దన్నారు.

"అందరికంటే ముందు కొట్టింది మీరే" అన్నారు.

కోపంగా అనలేదు. బోర్డు మీద లెక్క సరిచూసినట్టు అన్నారు. తర్వాత బండి స్టార్టు చేసుకుని, మధ్యాహ్నపు జుహర్ నమాజుకు వేళవుతోందని వెళ్లిపోయారు.